మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లోకి ఎవరూ లాగిన్ కావట్లేదు, ఆన్‌లైన్ మోడ్ ఆపేస్తే సరిపోతుందా?

వద్దండీ. పాత డెస్క్‌టాప్ మీద జావా ఎడిషన్ సర్వర్ పెట్టానని, చేరబోతే "ఫెయిల్డ్ టు వెరిఫై యూజర్‌నేమ్" వస్తోందని, సర్వర్ ప్రాపర్టీస్ అనే సెట్టింగుల ఫైల్లో ఆన్‌లైన్ మోడ్‌ని ఫాల్స్ చేయమని ఓ వీడియోలో చెప్పారని రాశారు. ఏ వీడియో చూసినా ఇదే సలహా. ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం ఒక్కరూ చెప్పరు. ఆన్‌లైన్ మోడ్ అంటే, వచ్చినవాడి అకౌంట్ అసలుదేనా అని గేమ్ కంపెనీ మోజాంగ్‌ని మీ సర్వర్ అడగడం. అది ఆపితే ఎవరు ఏ పేరు పెట్టుకొచ్చినా సర్వర్ నమ్మేస్తుంది. మీ పేరుతో వచ్చినవాడికి మీ అడ్మిన్ అధికారాలన్నీ దక్కుతాయి.

ముందు సర్వర్ ఫోల్డర్‌లోని లాగ్స్‌లో లేటెస్ట్ లాగ్ తెరవండి. అక్కడ "ట్రైడ్ టు జాయిన్ విత్ ఏన్ ఇన్‌వ్యాలిడ్ సెషన్" అని ఉంటే, మీ సర్వర్ మోజాంగ్ సెషన్ సర్వర్‌ని అడిగింది, అది కాదంది. చాలాసార్లు కారణం అవతలివాళ్లు కొనని గేమ్‌తో రావడమే. కొన్న అకౌంటే అయితే గేమ్, లాంచర్ రెండూ మూసి మళ్లీ సైన్ ఇన్ అయితే చాలు.

"కుడ్‌న్ట్ వెరిఫై యూజర్‌నేమ్ బికాజ్ సర్వర్స్ ఆర్ అనవైలబుల్" అని ఉంటే ఆటగాళ్ల తప్పేమీ లేదు, మీ మెషీనే బయటికి వెళ్లలేకపోతోంది. పాత డెస్క్‌టాప్ అన్నారు కాబట్టి ముందు తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. టైమ్ సింక్ కూడా ఆగి ఉంటే మోజాంగ్ సైట్ సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలు కాలేదనుకుని జావా కనెక్షన్ తెంపేస్తుంది. బిళ్ల మార్చి టైమ్ సింక్ ఆన్ చేయండి. తేదీ సరిగ్గానే ఉంటే డీఎన్‌ఎస్ (సైట్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చేది), ఫైర్‌వాల్‌లో బయటికెళ్లే 443 పోర్టు చూడండి. అందరూ తిప్పలు పడేది లోపలికొచ్చే 25565 గురించే, దీన్ని మర్చిపోతారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. రౌటర్‌లో వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీనాట్, అంటే ఒకే పబ్లిక్ ఐపీని కంపెనీ చాలామందికి పంచుతోంది, పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా పనికిరాదు. అందుకని బయటి సర్వర్ మీదుగా ఆటగాళ్లని లోపలికి తెచ్చే టన్నెల్ పెట్టుకుంటారు. అప్పుడు సర్వర్ ప్రాపర్టీస్‌లో ప్రివెంట్ ప్రాక్సీ కనెక్షన్స్ ట్రూలో ఉందంటే, సర్వర్‌కి కనిపించే ఐపీ టన్నెల్‌ది, మోజాంగ్‌కి కనిపించింది ఆటగాడిది. రెండూ కలవక మళ్లీ ఇన్‌వ్యాలిడ్ సెషనే. దాన్ని ఫాల్స్‌లో ఉంచండి.

ఆన్‌లైన్ మోడ్ ఈపాటికే ఆపేసి కొన్నాళ్లు ఆడేశారా? తిరిగి ఆన్ చేయగానే అందరి సామాన్లూ మాయమైనట్టు కనిపిస్తాయి. అవి పోలేదు. వరల్డ్ ఫోల్డర్‌లోని ప్లేయర్‌డేటా తెరిస్తే ఒక్కో మనిషికి రెండేసి ఫైళ్లుంటాయి. ఫైలు పేరే ఆ ఆటగాడి యూయూఐడీ, అంటే సర్వర్ అతన్ని గుర్తుపట్టే పొడవాటి నంబరు. గీతల మధ్య మూడో ముక్క 4తో మొదలైతే అసలు అకౌంట్‌ది, 3తో మొదలైతే ఆఫ్‌లైన్‌ది. ఆఫ్‌లైన్‌ది ఉత్త పేరు నుంచే పుడుతుంది కాబట్టి ఒక్క అక్షరం చిన్నబడి నుంచి పెద్దబడికి మారినా ఇంకో ఫైలు తయారవుతుంది. సర్వర్ ఆపి, మొత్తం ఫోల్డర్ బ్యాకప్ తీసుకుని, 4 ఉన్న ఫైలును పక్కకు తీసి, 3 ఉన్నదానికి దాని పేరు పెట్టండి. స్టాట్స్, అడ్వాన్స్‌మెంట్స్ ఫోల్డర్లలోనూ ఇదే పని.

ఇదంతా అయ్యాక "యూ ఆర్ నాట్ వైట్‌లిస్టెడ్" అని వస్తే కంగారు పడకండి. వైట్‌లిస్టులోనూ (ఎవరికి ప్రవేశం ఉందో చెప్పే జాబితా) పాత 3 నంబరు యూయూఐడీయే రాసి ఉంది. సర్వర్ ఆపి, పాత యూయూఐడీలు గుర్తుపెట్టుకునే యూజర్‌క్యాష్ ఫైలు తీసేసి, మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత కన్సోల్‌లో వైట్‌లిస్ట్ రిమూవ్ కొట్టి, అదే పేరుతో మళ్లీ యాడ్ కొట్టండి. ఆప్స్ (అడ్మిన్ల) జాబితాకీ ఇంతే, డీఆప్ చేసి మళ్లీ ఆప్ ఇవ్వాలి.