పబ్‌మెడ్‌లో వచ్చిన సంఖ్యతోనే గ్రాఫ్ గీయొచ్చా?

హెపటైటిస్ మీద మన దేశంలో వచ్చిన పరిశోధన పేపర్లను విశ్లేషించే ప్రాజెక్టు మీకిచ్చారని, వైద్య పేపర్లను వెతికే ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లో వచ్చిన సంఖ్యను అలాగే తీసుకుని ఏడాదివారీ గ్రాఫ్ గీయొచ్చా అని అడిగారు. గీయకండి. నేను గీసి చీవాట్లు తిన్నాను.

గుంటూరులో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేసేటప్పుడు హెపటైటిస్ బి మీద ఇదే పని నా నెత్తిన పడింది. 'ఇండియన్' అని రాసినవీ దొరకాలని, తెలివిగా రచయితల సంస్థ అడ్రసు వెతికే చోట 'ఇండియా' చివర నక్షత్రం గుర్తు పెట్టాను. అది పెడితే ఆ అక్షరాలతో మొదలయ్యే మాటలన్నీ వచ్చేస్తాయి. పేపర్లు కుప్పలుగా వచ్చాయి. లిస్టు బ్రాడీపేటలో ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి మరీ పట్టుకెళ్లాను. మా గైడ్ గారు మూడో పేజీలో వేలు పెట్టి, "ఈ ఇండియానాపోలిస్ ఏ జిల్లా అయ్యా?" అన్నారు. అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ పేపర్లన్నీ మన ఖాతాలో పడ్డాయి! నక్షత్రం తీసేస్తే సగం తలనొప్పి పోయింది.

మిగతా సగం అంత తేలిగ్గా పోలేదు. 1988 నుంచి 2013 దాకా పబ్‌మెడ్‌లో మొదటి రచయిత అడ్రసు మాత్రమే ఎక్కించేవాళ్లు. 2014 నుంచి అందరివీ ఎక్కిస్తున్నారు. అంటే విదేశీ టీమ్‌లో మూడో పేరుగా ఉన్న మన డాక్టరు పాత ఏళ్లలో కనిపించడు, కొత్త ఏళ్లలో కనిపిస్తాడు. 2014 తర్వాత గీత లేస్తే అందులో కొంత ఈ మార్పు వల్లే. నేనేమో ఆ లేవడాన్ని పొగుడుతూ ఒక పేజీ రాసేశాను. పాత, కొత్త ఏళ్లను పోల్చాలంటే మొదటి రచయిత ఇండియాలో ఉన్న పేపర్లనే లెక్కలోకి తీసుకోండి.

సంస్థల పేర్ల దగ్గర ఓపిక కావాలి. మన విజయవాడ హెల్త్ యూనివర్సిటీనే చూడండి. 1986లో పెట్టినప్పుడు ఎవరి పేరూ లేదు, తర్వాత ఎన్టీఆర్ పేరు, 2022లో వైఎస్సార్ పేరు, 2024లో మళ్లీ ఎన్టీఆర్. సాఫ్ట్‌వేర్‌కు అవన్నీ వేర్వేరు యూనివర్సిటీలే. మద్రాసు, చెన్నై సంగతీ అంతే. ఎక్సెల్‌లో అనుమానం ఉన్న గడులకు పసుపు రంగు వేస్తూ పోతే, రెండు రోజులకు షీటుకే కామెర్లు వచ్చినట్టయింది. ఇక రచయితల పేర్లా! ఇంటిపేరు ముందు రాసుకునే మన అలవాటు వల్ల ఒకే మనిషి ఒక జర్నల్‌లో ఇంటిపేరుతో, ఇంకోదాంట్లో 'రావు'గా తేలతాడు.

మీ ప్రాజెక్టులో హెపటైటిస్ ఇ కూడా ఉంటే ఒక్కటి మర్చిపోకండి. 1955-56 చలికాలంలో ఢిల్లీలో తాగునీళ్లలో మురుగు కలిసి సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. ఆ అధ్యయనం 1957లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. అప్పట్లో దాన్ని ఇప్పుడు హెపటైటిస్ ఎ అంటున్న జబ్బే అనుకున్నారు. దాచిన రక్త నమూనాలను తర్వాత పరీక్షిస్తే ఎ కాదని 1980లో బయటపడింది. అదే ఏడాది కశ్మీర్ నుంచి డాక్టర్ ఖురూ కూడా అలాంటి మహమ్మారి గురించి రాశారు. 'ఇ' అనే పేరు ఆ తర్వాత పెట్టిందే. కాబట్టి 'హెపటైటిస్ ఇ' అని మాత్రమే వెతికితే, మన దేశం ఈ జబ్బు గురించి ప్రపంచానికి చెప్పిన అసలు ముక్కే జారిపోతుంది. 'ఇన్ఫెక్షియస్ హెపటైటిస్', 'నాన్ ఎ నాన్ బి' అనే పాత మాటలతోనూ వెతకండి.

ఎవరెవరు కలిసి రాశారో చూపే మ్యాపులకు వీఓఎస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది. దాని జోలికి వెళ్లే ముందు ఏవైనా వంద పేపర్లు తీసి, ఒక్కోదాని అడ్రసు, సారాంశం మీ కళ్లతో చదవండి. అందులో ఎన్ని పనికిరానివి తేలాయో మెథడ్స్‌లో రాసి పెట్టుకోండి, వైవాలో ముందు అడిగేది అదే.