ఇతరుల వ్యాపకాల గురించి చదవడం వల్ల ప్రయోజనం ఉంటుందా?

ఇతరుల వ్యాపకాల గురించి చదువుతూ కూర్చోవడం కాలక్షేపమే తప్ప దానివల్ల మనకు ఒరిగేది ఏమైనా ఉందా అని మీరు అడిగారు. నా మటుకు నాకు ఒరిగింది. అయితే అది నేను ఊహించిన రీతిలో కాదు.

బ్యాంకు ఉద్యోగరీత్యా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రోజుల్లో గిడుగు రామమూర్తి గారి జీవిత విశేషాలు చదివాను. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయన పేరు పాఠ్యపుస్తకాల నాటి నుంచి తెలిసినదే కాని, నన్ను పట్టి కూర్చోబెట్టింది ఆ ఉద్యమం కాదు. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పే ఒక ఉపాధ్యాయుడు చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకోవాలని సంకల్పించి, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లోనే ఉంచుకుని ఒక్కొక్క మాటే కూడబెట్టుకున్నారు. మన్యంలో తిరిగి మలేరియా పాలై, మింగిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. సవర భాషపై ఆయన రాసిన వ్యాకరణం 1931లో వెలువడేనాటికి వయసు డెబ్బైకి చేరువైంది. చెవులతో నేర్చిన భాష కోసం చెవులనే పోగొట్టుకున్న మనిషి ఆయన.

అదే మనిషి ముఖలింగం ఆలయాల్లోని శాసనాలను సొంతంగా చదవడం నేర్చుకున్నారని తెలిసినప్పుడు, మా శాఖ నుంచి బస్సులో వెళ్లగలిగే దూరంలోనే ఉన్న ఆ గుడికి అన్నిసార్లు వెళ్లి కూడా స్తంభాల మీది అక్షరాలను నగిషీగానే చూశానన్న సంగతి తట్టి సిగ్గనిపించింది. పాత తెలుగు లిపి పరిణామం చూపే పట్టిక ఒకటి సంపాదించి, ఆదివారాలు దిద్దుకున్నాను. ఇంట్లో వాళ్లు మళ్లీ ఒకటో తరగతిలో చేరానని నవ్వారు. కొన్ని నెలలకు ఒక స్తంభం ముందు నిలబడి ‘స్వస్తి శ్రీ’ అని చదవగలిగాను. అక్కడి నుంచి శకవర్షం దాకా తడుముకుంటూ వెళ్లి, దానికి 78 కలిపి క్రీస్తుశకం లెక్క కట్టాను. ఆ తర్వాతి పంక్తులు నాకు ఇప్పటికీ కొరుకుడు పడవు.

పైపెచ్చు, చదివిన వ్యాపకాల్లో నేను చేపట్టినది ఈ ఒక్కటే. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉంటూ పక్షులను పరిశీలించిన జెర్డన్ గురించి ఎంతో ఇష్టంగా చదివాను. ఆయన పేరుతో పిలిచే కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడక, 1986లో కడప జిల్లా అడవుల్లో మళ్లీ దొరికిన కథ నాకు కంఠోపాఠం. అంత తెలిసినా పిట్టల కోసం తెల్లవారుజామున లేచే ఓపిక నాకు రాలేదు, రాలేదన్న బాధా లేదు.

కాబట్టి ‘జీవితాన్ని మార్చే పది అభిరుచులు’ వంటి జాబితాల జోలికి పోకండి. అవి వ్యాపకం పేరు చెబుతాయే గాని, ఆ మనిషి ఎవరిని అడిగాడో, ఎక్కడ తప్పాడో, జీతం రాళ్లలో ఎంత దానికి పెట్టాడో చెప్పవు. ఆ వివరాలున్న జీవిత చరిత్రలు, స్వీయ చరిత్రలు వెతకండి, అందులోనూ మీ జిల్లాలో తిరిగినవారివి ముందుగా చూడండి. మీది ఏ జిల్లానో ప్రశ్నలో రాయలేదు. తెలిపితే, అక్కడివారిలో నాకు తెలిసిన పేర్లు రాస్తాను.