ముళ్ళపందీ కాదు, అలుగూ కాదు

ప్రశ్న: మాస్టారూ, మా బాబు ఫోన్‌లో ఎకిడ్నా అనే జంతువును చూపించి, ఇది మన కొండల్లో తిరిగే ముళ్ళపందే, కానీ గుడ్లు పెడుతుంది అంటాడు. వాళ్ళ నాన్నేమో చీమలు తింటోంది కాబట్టి అలుగు జాతి అంటారు. ఎవరిది నిజం?
- ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: జాతి విషయంలో ఇద్దరిదీ కాదమ్మా. గుడ్డు సంగతి మాత్రం బాబు సరిగ్గానే చెప్పాడు.

ముళ్ళపందిది ఎలుకలు, ఉడుతల వర్గం. గట్టి పళ్ళతో దుంపలు, బెరళ్ళు కొరుకుతుంది. ఎకిడ్నాకు పళ్ళే లేవు. అలుగుకూ లేవు. జిగట నాలుక, పుట్టలు తవ్వే గోళ్ళు ఈ రెండింటికీ ఉన్నాయి కాబట్టి మీవారికి అలా తోచడం సహజమే. చీమలు, చెదలు తిని బతకాలంటే అలాంటి పనిముట్లే కావాలి. చుట్టరికం లేకపోయినా రెండూ ఒకే దారిన వచ్చాయి.

ఎకిడ్నాకు అసలు చుట్టం ప్లాటిపస్, బాతు ముక్కులాంటి మూతి ఉన్న ఆస్ట్రేలియా నీటి జంతువు. గుడ్లు పెట్టి పాలిచ్చే జాతులు ఇప్పుడు భూమ్మీద ఐదే: ప్లాటిపస్ ఒకటి, ఎకిడ్నాలు నాలుగు. ఎకిడ్నాలు ఆస్ట్రేలియా, న్యూగినీల్లో తప్ప అడవుల్లో ఇంకెక్కడా ఉండవు.

తల్లి పెట్టేది ఒక్క గుడ్డు, ద్రాక్షపండంత. పెంకు మెత్తగా ఉంటుంది. దాన్ని పొట్ట మీది సంచిలోనే పెడుతుంది. సుమారు పది రోజులకు పిల్ల బయటికొస్తుంది. తల్లికి చనుమొనలుండవు, సంచిలో రెండుచోట్ల చర్మం మీదికి ఊరే పాలను పిల్ల పీల్చుకుంటుంది. దాదాపు యాభై రోజులకు ముళ్ళు మొలుస్తుంటే తల్లి దాన్ని బొరియలో దింపి మేతకు పోతుంది, కొన్ని రోజులకోసారి వచ్చి పాలిస్తుంది. క్లాసులో ఈ భాగం చెప్పేటప్పుడు నాకెప్పుడూ తనివి తీరేది కాదు.

ఇలాంటి జంతువులు నిజంగా గుడ్లు పెడతాయా అని యూరప్ పండితులు కూడా దశాబ్దాలు వాదించుకున్నారు. 1884లో జర్మన్ జంతుశాస్త్రవేత్త విల్హెల్మ్ హాకే ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఎకిడ్నా గుడ్డును చూపించాడు. గుడ్లు పెడుతుంది కదా అని ఎకిడ్నాను ‘ఆదిమ జీవి’ అని రాస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఎడారిలోనూ, మంచు పడే కొండల్లోనూ బతుకుతుంది. ఒంటి వేడి 32 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంచుకుని ఆహారం ఆదా చేస్తుంది. ఇది వెనకబాటు ఎలా అవుతుంది?

అలుగు మాట ఎలాగూ వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఒడిశా అడవుల్లో ఉన్న అలుగును పొలుసుల కోసం చంపుతున్నారు. ఆ పొలుసుల్లో ఉన్నది మన గోళ్ళలో ఉండే కెరటినే. మందు గుణమేమీ లేదు. వేటాడటం, అమ్మడం నేరం. మీ వైపు ఎవరైనా పట్టుకున్నారని తెలిస్తే వెంటనే ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేయండమ్మా.