ముందు పిడి, తర్వాతే రంగు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతూ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. ఇంట్లో ప్రాక్టీసుకని తక్కువ ధరకు పాత .177 (గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళాలు) స్ప్రింగ్ పిస్టల్ ఒకటి కొన్నాం. నలుపు అక్కడక్కడా లేచిపోయింది. ప్లాస్టిక్ పిడి చెమటకు జారుతోంది. ఇంట్లోనే రంగు వేసి, ట్రిగ్గర్ కూడా కాస్త తేలిక చేయొచ్చా? - ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ట్రిగ్గర్ తప్ప మిగతావన్నీ చేయొచ్చండీ. .177 బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు కాబట్టి ఆ టెన్షన్ పెట్టుకోకండి. మీరు రంగు గురించి ముందు అడిగారు. నేనైతే మీ ఓపికంతా పిడి మీద పెట్టమంటాను. పిల్ల చేతికి అతకని పిస్టల్ ఎంత నిగనిగలాడినా గురి కుదరదు.

పిస్టల్ ఖాళీగా ఉందని చూసుకుని పిడి స్క్రూలు విప్పండి. ప్లాస్టిక్‌ను గరుకు కాగితంతో బాగా గీకండి, లేకపోతే ఏదీ అంటదు. ఎం-సీల్ కలిపి, అరచేతికి ఖాళీ తగులుతున్న చోట పల్చగా అద్ది, పిడిని మళ్లీ బిగించండి. అమ్మాయికి పల్చటి గ్లవ్ తొడిగి, పిస్టల్ కాక్ చేయకుండా (పేల్చడానికి స్ప్రింగ్ బిగించకుండా), టార్గెట్ వైపు నిలబడినట్టే నిలబెట్టి పట్టుకోమనండి. కూర్చుని పట్టుకుంటే మణికట్టు వంపు మారిపోతుంది. మర్నాటికి గట్టిపడుతుంది. అప్పుడు అసలు పని. బాలానగర్ టూల్‌రూమ్‌లో డై (అచ్చు) రెండు ముక్కలు సరిగ్గా కూర్చున్నాయో లేదో తెలియడానికి ఒకదానికి నీలం పూసి రెండోదానికి ఒత్తేవాళ్లం. ఇక్కడ సుద్దపొడి చాలు. అమ్మాయి అరచేతికి రాసి పిడి పట్టుకోమనండి. తెల్లగా దట్టంగా అంటుకున్న చోటే ఎత్తు ఉన్నట్టు. అక్కడ మాత్రమే రుద్ది, మళ్లీ సుద్ద, మళ్లీ రుద్దుడు. తెలుపు అంతటా సమంగా పరుచుకుంటే పిడి కుదిరినట్టే. ఓ ఆదివారమంతా పోతుంది, పోనివ్వండి.

రేపు ఇదే పిడితో పోటీకి వెళ్తుందేమో, కొలతలు గుర్తుంచుకోండి. అరచేతి కింది పలక పైకి వంగకూడదు, పిడి మణికట్టు దాటి ఊతం ఇవ్వకూడదు. పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. బరువు 1500 గ్రాములు మించకూడదు.

ఇక రంగు. ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఉక్కు, కోల్డ్ బ్లూ (వేడి చేయకుండానే ఉక్కును నల్లబరిచే రసాయనం) పనిచేస్తుంది. అంటకపోతే అల్యూమినియమో జింకు పోతో, దానికి ఎచ్ ప్రైమర్ (లోహానికి రంగు పట్టేలా ముందు వేసే పూత) మీద మ్యాట్ నలుపు స్ప్రేనే దారి. కోల్డ్ బ్లూకి ముందు అసిటోన్‌తో జిడ్డు పూర్తిగా తీయాలి, ఆ తర్వాత వేలు తగిలినా మచ్చ పడుతుంది. అందులో సెలీనియం ఉంటుంది, విషం. బాల్కనీలో, గ్లవ్స్‌తో చేయండి, వంటింట్లో వద్దు. స్ప్రే అయితే వానాకాలం ముసురులో వేయకండి, గాలిలో తేమకు పైపూత పాలిపోతుంది. ఫ్రంట్ సైట్ (గొట్టం కొసన గురి చూసుకునే ముక్క) మాత్రం మెరవకూడదు. మెరిస్తే లైటు వెలుగులో దాని అంచు చెదిరినట్టు కనిపిస్తుంది. పని అయ్యాక బయట నూనె తుడవండి గానీ గొట్టంలో పోయకండి. గాలి నొక్కుకున్నప్పుడు ఆ నూనె డీజిల్‌లా మండుతుంది, సీలు పాడవుతుంది.

ట్రిగ్గర్ ఎందుకు వద్దన్నానంటే, లోపలి సియర్ (స్ప్రింగ్‌ను పట్టి ఉంచే కొక్కెం) అంచు కొంచెం ఎక్కువ అరిగినా కాక్ చేసిన పిస్టల్ తనంతట తనే వదిలేయగలదు. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు. పోటీలో కూడా 500 గ్రాముల కంటే తేలిక చెల్లదు. కంపెనీ సర్దుబాటు స్క్రూ ఇచ్చి ఉంటే దాన్ని తిప్పండి, అంతే.

ప్రశ్న: నాన్నగారి లైసెన్సు రివాల్వర్‌కు నికెల్ పూత లేచింది. పైన చెప్పినట్టే చేసుకోవచ్చా? - మలక్‌పేట పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. అది నిజమైన తుపాకి. 1959 ఆయుధాల చట్టం తుపాకుల మరమ్మతు పనికి వేరే లైసెన్సు అడుగుతుంది. తూటాలు తీసేసి, లైసెన్సు పుస్తకంతో సహా నాన్నగారినే అలాంటి లైసెన్సున్న డీలరు దగ్గరికి తీసుకెళ్లమనండి. అప్పటిదాకా పొడిగుడ్డతో తుడిచి, పల్చగా తుపాకీ నూనె రాసి, తాళంలో ఉంచండి.