చిన్నా, రేపే మానేయకు, ముందు డాక్టరును కలువు

చిన్నా,

రాత్రి ఫోన్లో "అత్తా, రేపటినుంచి చుక్క ముట్టను, ఒట్టు" అన్నావు. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, భయం కొంత. ఆ భయం ఎందుకో చెప్పడానికే రాస్తున్నాను. ఫోన్లో అయితే మధ్యలోనే "సరేలే అత్తా" అని పెట్టేస్తావు.

పోయినసారి వచ్చినప్పుడు పొద్దున్నే నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నావు. అయినా నీళ్లు ఒలికాయి. ఒక పెగ్గు పడితే వణుకు సర్దుకుంటుందని నువ్వే చెప్పావు. నేను ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను, అందులో చాలాకాలం లివర్ రోగుల వార్డులోనే. ఆ వణుకు ఏమిటో నాకు తెలుసు. అది ఉన్నవాళ్లు ఇంట్లో తలుపేసుకుని ఒక్కసారిగా మందు ఆపకూడదు.

ఏళ్ల తరబడి మందు నీ మెదడును జోకొడుతూ వచ్చింది. ఆ మత్తులోనూ మెలకువగా ఉండటానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటూ పోయింది. ఉన్నట్టుండి మందు ఆగితే జోకొట్టేది పోతుంది, ఉద్రేకం మాత్రం అలాగే మిగులుతుంది. ఆపిన 6 నుంచి 12 గంటల్లో వణుకు, చెమట, గుండెదడ, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి పూర్తిగా మతి తప్పుతుంది. ప్రాణం పోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ.

ఒకాయన కాలు విరిగి మా ఆసుపత్రిలో చేరాడు. మందు అలవాటుందా అని అడిగితే "అప్పుడప్పుడూ" అన్నాడు. పక్కనున్న భార్య తల దించుకుంది. మూడో రాత్రి నేను వెళ్లేసరికి ఆయన దుప్పటి మీంచి ఒక్కో చీమనూ వేళ్లతో ఏరి కింద పడేస్తున్నాడు. దుప్పటి మీద ఏమీ లేదు. ఒళ్లు కాలిపోతోంది, పక్కంతా చెమటతో తడిసిపోయింది. నన్ను వాళ్ల చెల్లెలి పేరు పెట్టి పిలిచాడు. నాలుగు రోజులు ఐసీయూలో ఉంచాల్సి వచ్చింది. ఎంత తాగుతాడో చేరినరోజే చెప్పి ఉంటే, వణుకు మొదలవగానే మందులు పడేవి.

అందుకే నిన్ను మొట్టమొదట అడిగేది ఇది: డాక్టరుకు నిజం లెక్క చెప్పు. "రెండు పెగ్గులు" అనకు, ఇంట్లో పోసుకునే పెగ్గుకు కొలత ఉండదు. సీసాల్లో చెప్పు. విస్కీ 180 మిల్లీలీటర్లంటే దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 40 గ్రాములు. బీరే కదా అనుకునేవాళ్లందరూ అక్కడే మోసపోతారు. లివర్ గంటకు 7 నుంచి 10 గ్రాములకు మించి కరిగించలేదు. నువ్వు రాత్రి పదకొండింటికి సీసా దించితే అది తెల్లవారేదాకా పనిచేస్తూనే ఉంటుంది.

"నాకు నొప్పేమీ లేదు అత్తా" అంటావు. చాలామందికి లివర్ చెడిపోతున్నా ఏళ్ల తరబడి నొప్పి తెలియదు. రోజూ 60 గ్రాములు దాటి తాగేవాళ్లలో నూటికి 90 మందికి లివర్‌లో కొవ్వు పేరుకుంటుంది. ఆ దశలో పూర్తిగా మానేస్తే కొన్ని వారాల్లోనే అది తగ్గిపోతుంది. మానకపోతే వాపు వస్తుంది, ఆ గాయాలు మాని మచ్చలు కడతాయి, మచ్చలు పెరిగి లివర్ గట్టిపడుతుంది. అదే సిర్రోసిస్. అప్పుడు పొట్ట నీళ్లతో డోలులా బిగుసుకుంటుంది, కాళ్లూ చేతులూ పుల్లల్లా అవుతాయి. గట్టిపడ్డ లివర్‌లోంచి రక్తం సాఫీగా పోలేక అన్నవాహికలో రక్తనాళాలు ఉబ్బుతాయి. అవి చిట్లి బక్కెట్టు నిండా రక్తం కక్కుకున్నవాళ్లను చూశాను. ఇందులో ఏ దశలో ఆపినా ఎంతో కొంత మేలే. సిర్రోసిస్ వచ్చాక మానేసి ఏళ్లకేళ్లు బతికినవాళ్లూ నాకు తెలుసు.

రక్తపరీక్ష మామూలుగా వచ్చిందని ఊపిరి పీల్చుకోకు. లివర్ బాగా గట్టిపడినవాళ్లలో కూడా ఒక్కోసారి ఆ పరీక్షలో చూసే లివర్ ఎంజైములు సాధారణంగానే ఉంటాయి. స్కానింగ్, వీలైతే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్, ప్లేట్‌లెట్ల లెక్క కూడా చూడమని అడుగు.

అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు అంటున్నావు కదా, అది నరాల దెబ్బ. మందు నరాలను నేరుగా దెబ్బతీస్తుంది. పైగా తాగుడు వల్ల తిండి తగ్గుతుంది, తిన్నదాంట్లోంచి బి1 విటమిన్ సరిగా ఒంటపట్టదు. బి1 మరీ పడిపోతే నడక తూలుతుంది, కళ్లు అదురుతాయి, మతి గజిబిజి అవుతుంది. చూసేవాళ్లు తాగి ఉన్నాడనుకుని వదిలేస్తారు. బి1 ఇంజెక్షన్ వెంటనే పడితే కోలుకుంటారు. ఆలస్యమైతే కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే శక్తి మళ్లీ రాకపోవచ్చు. నువ్వు ఎప్పుడైనా అలా తూలుతూ పొంతన లేకుండా మాట్లాడితే క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకురమ్మని కోడలికి చెప్పాను.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. బీపీ పెరుగుతుంది, గుండె కండరం బలహీనపడుతుంది, గుండె లయ తప్పుతుంది. పై పొట్టలో మొదలై వీపులోకి పొడిచే నొప్పి వస్తే అది క్లోమం (పాంక్రియాస్) వాపు కావచ్చు, గ్యాస్ అనుకుని ఊరుకోకు. క్లోమం పదేపదే వాస్తే షుగర్ కూడా వస్తుంది. నోరు, గొంతు, అన్నవాహిక, లివర్, పెద్దపేగు క్యాన్సర్లకు ఆల్కహాల్ ఒక కారణం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 1988లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. బీరైనా, వైనైనా, విస్కీ అయినా తేడా లేదు. దానికి సిగరెట్టు తోడైతే నోటికీ గొంతుకూ ముప్పు ఇంకా ఎన్నో రెట్లు. మేనత్తను కాబట్టి నన్ను అడగలేని సంగతి ఒకటుంది. మగవాళ్ల హార్మోన్‌నూ మందు దెబ్బతీస్తుంది. సిగ్గుపడకుండా దాని గురించి డాక్టరును అడుగు.

రేపు పొద్దునే అపాయింట్‌మెంట్ తీసుకో. డాక్టరు చూసేదాకా ఒక్కసారిగా ఆపకు, అలాగని పెంచకు. ఆసుపత్రిలో చేరమంటే చేరు. ఇంట్లోనే మందులు వాడమంటే వాళ్లు రాసినవే, రాసినంతే వాడు. నిద్రమాత్రలు సొంతంగా కొనుక్కోకు, మందు మీద అవి పడితే ఊపిరి ఆగిపోవచ్చు. ఒళ్లు నొప్పులకు మాత్ర వేసుకోవాలన్నా అడిగే వేసుకో. పారాసెటమాల్ మోతాదు మించితే నీ లివర్ తట్టుకోదు, కొన్ని నొప్పి మాత్రలతో కడుపులో రక్తం కారుతుంది. వణుకు తగ్గాక కౌన్సెలింగ్‌కు వెళ్లడం మానకు. మళ్లీ తాగాలనే కోరికను తగ్గించే మాత్రలు కూడా ఉన్నాయి. వాటి గురించీ అడుగు. మధ్యలో ఒకరోజు జారిపోతే దాచకుండా నాకు ఫోన్ చెయ్యి. నేను తిట్టను.

డాక్టరు ఏ రోజు మొదలుపెట్టమంటే ఆ రోజు సాయంత్రానికి నేను మీ ఇంట్లో ఉంటాను. ఆ నాలుగు రాత్రులూ నీ మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కోడలిని నిద్రపోనివ్వు.

ఇట్లు,
మీ అత్త