బావి ఈత వేరు, సముద్రం వేరు

ప్రశ్న: దక్షిణ కొరియాలో చదువుతున్న మా అబ్బాయి ఈ ఆగస్టులో స్నేహితులతో కలిసి శని, ఆదివారాలు బుసాన్ సముద్రతీరానికి వెళ్తానంటున్నాడు. మా ఊరి దిగుడుబావిలో ఈత నేర్చినవాడే గాని, సముద్రం ఎరుగడు. పంపవచ్చా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: తప్పకుండా పంపండమ్మా. సియోల్ నుంచి కేటీఎక్స్ రైలులో సుమారు మూడు గంటల ప్రయాణం. హేఉండే, గ్వాంగల్లి తీరాలు రెండూ బుసాన్ మెట్రో రెండవ లైనులోనే ఉన్నాయి.

నీటి గురించి మీ బెంగ మాత్రం న్యాయమైనదే. బావిలో నీరు కదలదు, నాలుగు బారలు వేస్తే మెట్టు చేతికందుతుంది. హేఉండేలోనైతే వేసవిలో అప్పుడప్పుడూ, కెరటాలు ఒడ్డుకు తెచ్చిన నీరు ఒక సన్నని పాయగా లోపలికి మళ్లుతూ, అందులో ఉన్న మనిషిని కూడా ఈడ్చుకుపోతుంది. అప్పుడు ఒడ్డుకేసి ఎదురీదితే ఎంతటి ఈతగాడికైనా రెక్కలు పడిపోతాయి. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ దాటాకే ఒడ్డువైపు తిరగాలి. అంత శక్తి లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. రక్షకులు కాపలా ఉన్న వేళల్లో, హద్దు తాళ్లకు ఇవతలే దిగమని గట్టిగా చెప్పండి.

శనివారం రాత్రి గ్వాంగల్లి ఇసుకలో కూర్చుంటే, ఎదుట సముద్రం మీద 2003లో ప్రారంభమైన గ్వాంగన్ వంతెన దీపాల మీదుగా ఆకాశంలో డ్రోన్లు గీసే బొమ్మలు చూడవచ్చు. అంతకంటే నాకు ముఖ్యమనిపించేది మర్నాటి తెల్లవారుజాము: 1376లో వెలసిన హేడాంగ్ యాంగ్‌గుంగ్సా బౌద్ధాలయానికి 108 మెట్లు దిగి వెళ్తే, గుడి ముందరి రాళ్లమీద అలలు విరుగుతుండగా సముద్రంలోంచి సూర్యుడు లేస్తాడు.