తమ్ముడూ, ముందు డెమో పెట్టె సంగతి చూడు

తమ్ముడూ,

మన డిపార్ట్‌మెంట్ ఆప్టిక్స్ స్టూడెంట్ చాప్టర్‌కి ప్రెసిడెంట్‌వి అయ్యావని గ్రూప్‌లో చూశాను, కంగ్రాట్స్ రా. నువ్వు పంపిన ఇయర్ ప్లాన్ కూడా మొత్తం చదివాను. ఏమైనా చెప్పక్కా అన్నావు కాబట్టి చెప్తున్నా, కొంచెం పొడుగవుతుంది, మెస్‌లో కూర్చుని నిదానంగా చదువుకో.

ప్లాన్‌లో ఉన్నవేంటి, ఇనాగరేషన్, రెండు రోజుల నేషనల్ సింపోజియం, గెస్ట్ లెక్చర్లు, క్విజ్, టీషర్టులు. చివర్లో ఎక్కడో ఒక లైన్‌లో స్కూల్ అవుట్‌రీచ్. నా మాట వింటే దీన్ని తిరగెయ్యి. ఆ చివరి లైన్ పైకి రావాలి, పైనున్నవి సగం పోయినా నష్టం లేదు. డయాస్ మీద కుర్చీలు, శాలువాలు, బొకేలు, మెమెంటోలు, ఫ్లెక్సీ, లంచ్ కూపన్లు, వీటికే డబ్బంతా అయిపోతుంది, నెలరోజులు అందరూ పరిగెడతారు, అయిపోయిన మర్నాటి నుంచి గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్ కూడా ఉండదు. పెళ్ళి చేసినట్టే, ఖర్చు మనది, ఫొటోలు వాళ్ళవి. సింపోజియం పెట్టడానికి డిపార్ట్‌మెంట్ ఉంది, సార్లు ఉన్నారు, ఆప్టికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 1965 నుంచీ ఉంది. స్టూడెంట్లు మాత్రమే చేయగలిగింది వేరే ఉంది, అది లేజర్ పట్టుకుని ఎనిమిదో క్లాస్ పిల్లల దగ్గరికి వెళ్ళడం.

అన్నట్టు నీ పోస్టర్ మీద ఇంకా ఓఎస్ఏ అని ఉంది. ఆ అమెరికా ఆప్టికల్ సొసైటీ పేరు 2021లోనే ఆప్టికా అయిపోయింది కదరా, ఆ లోగో మార్చు ముందు. ఆప్టికా, ఎస్‌పీఐఈ అని మన చాప్టర్ ఉన్న రెండు అంతర్జాతీయ ఆప్టిక్స్ సొసైటీలకీ వేరే వేరే కమిటీలు వేసుకుని ఒకరి మీద ఒకరు పోటీగా ఈవెంట్లు పెట్టుకోవడం కూడా ఆపండి, ఉన్నది ఆ పదిమందే, కలిసి చేసి రెండు చోట్లా రిపోర్ట్ చేసుకోవచ్చు, కాకపోతే ఏ డబ్బుతో ఏం కొన్నారో మాత్రం విడివిడిగా రాసిపెట్టుకోండి.

ఇప్పుడు పెట్టె సంగతి. మన ల్యాబ్ బీరువా కింద అరలో డెమో పెట్టె ఒకటి ఉంటుంది చూడు, ఉంటే తీసి తెరువు. అందులో పనిచేసేవి ఎన్నో, చెత్త ఎంతో చూడు. నా లెక్కలో చాప్టర్ ఆస్తి అదే, సర్టిఫికెట్లు కావు. ప్రతి డెమో ఒక జిప్ కవర్‌లో, దాంతోపాటు ఒక కాగితం, ఎలా పెట్టాలి, ఎంత దూరంలో పెట్టాలి, ఎక్కడ చెడిపోతుంది, పిల్లలు ఏం అడుగుతారు. ఆ కాగితం తెలుగులోనే రాయించు, రేపు స్కూల్లో చెప్పాల్సింది తెలుగులోనే కదా. కొత్తగా వచ్చిన ఎమ్మెస్సీ పిల్ల పెట్టె తీసుకుని ఎవర్నీ అడక్కుండా స్కూల్‌కి వెళ్ళి చేసి రాగలగాలి, అలా ఉందంటే పెట్టె రెడీ అయినట్టు.

ఉదాహరణకి వెంట్రుక డెమో తీసుకో. పాత విజిటింగ్ కార్డుకి మధ్యలో చిన్న కిటికీలా కోసి, దాని మీద వెంట్రుక నిలువుగా లాగి రెండు చివర్లా సెల్లో టేప్ వెయ్యాలి. ఎర్ర లేజర్ పాయింటర్ బటన్ వదలకుండా బట్టల క్లిప్ పెట్టి, పుస్తకాల దొంతర మీద కదలకుండా ఉంచి, కిరణం సరిగ్గా వెంట్రుక మీద పడేలా చూసుకుని, గోడ రెండు మీటర్ల దూరంలో ఉండాలి. గోడ మీద అడ్డంగా చుక్కలు చుక్కలుగా వెలుగు, మధ్యలో చీకటి. మధ్యలో బాగా మెరిసేది వదిలేసి పక్కన వరసగా ఉన్న చీకటి గీతలకి గీతకీ గీతకీ మధ్య స్కేల్‌తో కొలవమను. లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు, కొలిస్తే 18, 19 మిల్లీమీటర్లు వచ్చిందనుకో, వెంట్రుక మందం 70 మైక్రాన్ల దగ్గర ఉన్నట్టు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. తరంగదైర్ఘ్యాన్ని దూరంతో గుణించి ఆ కొలతతో భాగించడమే, ఎనిమిదో క్లాస్ వాళ్ళు బోర్డు మీద చేసేస్తారు. ఇక చూడు, నాది కొలువు అక్కా నాది కొలువు అని లైన్ కడతారు, ఎవరిది లావు ఎవరిది సన్నం అని గొడవ, సైన్స్ టీచర్ కూడా ఒక వెంట్రుక పీకిస్తారు. సన్నదైతే గీతలు దూరం జరుగుతాయి, లావైతే దగ్గరవుతాయి, అది వాళ్ళకి తిరకాసుగా ఉంటుంది, అక్కడే ఆగి కాసేపు వాళ్ళనే మాట్లాడనివ్వు. డిఫ్రాక్షన్ అన్న పేరు ఆఖర్న చెప్పు, ముందే చెప్తే కంఠతా పట్టేసి చూడ్డం మానేస్తారు.

అదే లేజర్‌తో సీడీ, డీవీడీ పక్కపక్కన పెట్టి చూపించొచ్చు. సీడీ గీతల మధ్య 1.6 మైక్రాన్లు, డీవీడీవి 0.74, అందుకే సీడీ మీద చుక్క 24 డిగ్రీల పక్కకి పోతే డీవీడీ మీద 61 డిగ్రీలు పోతుంది. ఇప్పటి పిల్లలకి సీడీ అంటే ఏంటో కూడా చెప్పాలి, అది వేరే బాధ. నీళ్ళ ధార డెమో కూడా ఉంచండి, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాకి కాల్చిన మేకుతో నున్నగా కన్నం పెట్టి, నీళ్ళలో రెండు చుక్కలు పాలు వేసి, ఎదురు వైపు నుంచి లేజర్ కొడితే వెలుగు ధారతో పాటే వంగి బకెట్‌లో పడుతుంది. 1840ల్లో జెనీవాలో కొలాడన్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ చూపించిన దానికి ఇది చుట్టం. కన్నం గరుకుగా ఉంటే ధార చిట్లిపోయి ఏమీ కనపడదు, కాబట్టి మంచి సీసా ఒకటి దాచిపెట్టండి. ఇంకోటి, గవర్నమెంట్ స్కూళ్ళలో గది చీకటి కాదు, కిటికీలకి తలుపులుండవు. రెండు నల్ల దుప్పట్లు, తాడు, క్లిప్పులు పెట్టెలోనే ఉండాలి.

లేజర్ల దగ్గర మాత్రం నేను కఠినంగానే చెప్తా. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే గ్రీన్ పాయింటర్లు స్కూల్‌కి తీసుకెళ్ళొద్దు. లోపల 808 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ డయోడ్ ఒక స్ఫటికం నుంచి 1064 ఇన్‌ఫ్రారెడ్‌ని పుట్టిస్తుంది, ఆ తరంగదైర్ఘ్యాన్ని సగం చేసి 532 పచ్చ వెలుగు తెస్తారు, చవక వాటిల్లో చాలాసార్లు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ పెట్టరు. మిగిలిన ఆ ఇన్‌ఫ్రారెడ్ కంటికి కనపడదు కాబట్టి రెప్ప పడదు, పచ్చ వెలుగు మసకగా ఉంది కదా సెల్ అయిపోయిందేమో అనుకునేటప్పుడు కూడా అది వస్తూనే ఉండొచ్చు. పైన లేబుల్ మీద 5 మిల్లీవాట్లు అని ఉంటుంది, లోపల ఎంతుందో దేవుడికే తెలియాలి. మనది ఆప్టిక్స్ డిపార్ట్‌మెంటే కదా, పవర్ మీటర్ ఉంది, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ ఉంది, జూనియర్లతో ఒక సాయంత్రం కూర్చుని ఉన్న పాయింటర్లన్నీ ఫిల్టర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి కొలిపించు, ఒక్కోదానికీ నంబర్ వేసి స్టిక్కర్ అంటించు. ఆ పనే వాళ్ళకి మొదటి ట్రైనింగ్ అవుతుంది, ఏ వర్క్‌షాప్ కన్నా బాగా నేర్చుకుంటారు. స్కూల్‌కి 1 మిల్లీవాట్ లోపు ఎర్రది, అంటే లేజర్ భద్రత లెక్కలో క్లాస్ 2, చాలు. బల్ల మీద కిరణం పిల్లల కళ్ళ ఎత్తులో ఉండకూడదు, వాళ్ళు కింద కూర్చుంటే ఆ ఎత్తు మారిపోతుంది, అది గమనించుకో. గాజులు, వాచీలు, స్టీలు గ్లాసులు దూరంగా పెట్టించు. లేజర్ పిల్లల చేతికి ఇవ్వొద్దు, ఎంత బతిమాలినా సరే.

డేట్ల విషయం. నీ ప్లాన్‌లో మే 16 ఇంటర్నేషనల్ డే ఆఫ్ లైట్ పెద్ద ఈవెంట్‌గా పెట్టావు. 1960లో మైమన్ మొదటి లేజర్ వెలిగించిన రోజు, మంచిదే, కానీ మన దగ్గర అప్పుడు స్కూళ్ళు మూసేసి ఉంటాయి, బయట ఎండ చంపేస్తుంది, క్యాంపస్‌లో సగం మంది ఊళ్ళకి పోతారు. ఆ రోజు సాయంత్రం హాస్టల్ ముందు ఏదైనా చిన్నది పెట్టుకో చాలు. ఫిబ్రవరి 28 సైన్స్ డే రోజు ప్రతి స్కూల్లో వాళ్ళ ప్రోగ్రాం వాళ్ళకి ఉంటుంది, టెన్త్ వాళ్ళు పరీక్షల్లో తలమునకలై ఉంటారు, అడిగితే హెడ్‌మాస్టర్ గారు మొహమాటానికి సరే అంటారు, వెళ్ళాక అరగంట ఇస్తారు. జులై నుంచి నవంబర్ దాకా మనకి అసలు సీజన్. నవంబర్ 7 రామన్ పుట్టినరోజు, ఆ తర్వాత వారానికే బాలల దినోత్సవం, ఆ వారం పట్టుకో. రామన్ చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్నాడని పిల్లలకి చెప్పు, నమ్మరు మొదట.

గెస్ట్ లెక్చర్ల గురించి ఎక్కువ చెప్పను. రెండు సొసైటీలకీ లెక్చరర్లని పంపే స్కీములు ఉన్నాయి, ప్రయాణ ఖర్చుల్లో సాయం చేస్తారు, అప్లై చెయ్యి. వచ్చినాయన్ని గంట మాట్లాడించి కారెక్కించడం కాదు, సాయంత్రం టీ దగ్గర పీహెచ్‌డీ వాళ్ళతో ఒక గంట వదిలెయ్యి, సార్లు లేకుండా.

దీనికంటే నాకు ఇష్టమైన ఐడియా ఒకటి చెప్తా. మీ ఏరియాలో ఇంటింటికీ ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే కుర్రాళ్ళు ఉంటారు కదా, ఫైబర్లు అతికించే స్ప్లైసింగ్ మెషిన్ ఉన్న ఒకతన్ని పిలిపించు. 125 మైక్రాన్ల గాజు పోగు, అందులో వెలుగు నడిచేది మధ్యలో ఒక 9 మైక్రాన్లే. దాన్ని ఎలా ఒలుస్తాడు, స్పిరిట్‌తో ఎలా తుడుస్తాడు, క్లీవర్‌తో టక్కుమని ఎలా కోస్తాడు, మెషిన్ స్క్రీన్ మీద రెండు కొసలూ ఎదురెదురుగా వచ్చి చిన్న మెరుపుతో అతుక్కోవడం, పక్కన లాస్, అంటే ఆ అతుకు దగ్గర పోయే వెలుగు, 0.02 డీబీ (డెసిబెల్) అని పడటం, ఫొటోనిక్స్ పేపర్‌లో ఫస్ట్ మార్కు తెచ్చుకున్న వాళ్ళు కూడా చాలామంది ఇది కళ్ళతో చూసి ఉండరు. 1966లో చార్లెస్ కావ్ అనే సైంటిస్ట్ ఈ లాస్ కిలోమీటర్‌కి 20 డీబీలకి తగ్గితే చాలు ఫైబర్‌తో కమ్యూనికేషన్ అవుతుందన్నాడు, ఇప్పుడు అది 0.2, ఆ తేడా అంటే ఏంటో క్లాసులో కంటే అక్కడ బాగా ఎక్కుతుంది. అతను గొంతు సవరించుకుని స్పీచ్ ఇవ్వక్కర్లేదు, పని చేస్తూ మాట్లాడమను, మనవాళ్ళు ప్రశ్నలు వేస్తారు. శాలువా కప్పకండి, ఆ రోజు కూలి పోతుంది కాబట్టి సరైన డబ్బు కవర్‌లో పెట్టి ఇవ్వండి, గౌరవంగా అండీ అని పిలవండి. తెగిన ఫైబర్ ముక్కలు టేప్‌కి అంటించి డబ్బాలో వెయ్యాలి, ఆ బల్ల మీద సమోసాలు పెట్టొద్దు.

డబ్బు విషయానికి వస్తే, బయటి దేశం నుంచి గ్రాంట్ వస్తుందంటే అప్లై చేసే ముందే ఫైనాన్స్ సెక్షన్‌లో ఏ అకౌంట్‌లోకి రావాలో రాతపూర్వకంగా అడిగి పెట్టుకో, డబ్బు వచ్చాక అడిగితే ఫైలు తిరుగుతూనే ఉంటుంది. స్టూడెంట్లు సొంత ఫోన్‌పే నుంచి ఖర్చు పెట్టి ఆర్నెల్లు రీయింబర్స్‌మెంట్ కోసం తిరగడం నేను చూశాను, మెస్ బిల్లు కట్టలేక ఇబ్బంది పడ్డ పిల్లలు కూడా ఉన్నారు, ఆ పని ఎవరితోనూ చేయించకు, డబ్బు లేకపోతే ఈవెంట్ లేదు అంతే. ట్రెజరర్‌గా బాగా మాట్లాడేవాణ్ణి కాదు, బిల్లు పారేయని వాణ్ణి పెట్టుకో. ప్రతి బిల్లుకీ జీఎస్టీ నంబర్, ప్రతి ఈవెంట్‌కీ జియోట్యాగ్ ఉన్న ఫొటోలు, ఎందుకంటే కాలేజీలకి గుర్తింపు ఇచ్చే న్యాక్ పని వచ్చే టైంకి ఆఫీసు నుంచి నీకే ఫోన్ వస్తుంది. యాన్యువల్ రిపోర్ట్ ముక్క ఈవెంట్ రాత్రే ఐదు లైన్లు రాసెయ్యి, ఏడాది చివర్లో కూర్చుంటే ఎవరొచ్చారో కూడా గుర్తుండదు.

మనుషుల సంగతి. పీహెచ్‌డీ వాళ్ళు థీసిస్ టైంకి మాయమైపోతారు, తప్పు కాదు, నువ్వూ అవుతావు. ఎమ్మెస్సీ వాళ్ళు రెండేళ్ళకి వెళ్ళిపోతారు. కాబట్టి ప్రతి పోస్ట్‌కీ ఫస్టియర్ నుంచి ఒకళ్ళని తోడు పెట్టు, మెయిల్ ఐడీ పాస్‌వర్డ్, బీరువా తాళం, స్కూళ్ళ హెడ్‌మాస్టర్ల నంబర్లు ఇద్దరి దగ్గరా ఉండాలి. మీటింగులు రాత్రి తొమ్మిదికి క్యాంటీన్‌లో పెట్టొద్దు రా, అమ్మాయిలకి హాస్టల్ టైమింగ్స్ ఉంటాయి, రాలేకపోతారు, తర్వాత మీరే ఇంట్రస్ట్ లేదంటారు. సాయంత్రం నాలుగున్నరకి ల్యాబ్ పక్క గదిలో పెట్టు. లేజర్ల పనికి నోబెల్ తెచ్చుకున్న డొన్నా స్ట్రిక్‌లాండ్ ఫొటో పోస్టర్ మీద వేసినంత మాత్రాన సరిపోదు, లేజర్ అలైన్‌మెంట్ ఎవరు చేస్తున్నారు, రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర ఎవరు కూర్చుంటున్నారు, అది చూసుకో.

అడ్వైజర్ సార్‌కి ప్రతిదీ ముందే ఒక మెసేజ్ పెట్టు, పర్మిషన్ అని కాదు, చెప్పి చేస్తున్నామని. ఆయన సంతకం కోసం ఆఖరి నిమిషంలో పరిగెత్తొద్దు, పని చేయించే పెద్దమనిషి విసుక్కుంటే ఏడాదంతా కష్టం.

ఈ శనివారం ఖాళీ ఉంటే పెట్టె తెరిచి ఉన్నవన్నీ బల్ల మీద పరిచి ఒక ఫొటో పంపు. ఏం పనిచేస్తున్నాయి, ఏం కొనాలి, లిస్ట్ కలిసి వేద్దాం. పోలరైజర్ షీట్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి, వచ్చే నెల హైదరాబాద్ వచ్చినప్పుడు తెచ్చిస్తా, గీతలు పడకుండా బట్టలో చుట్టి పెట్టుకోవాలి మరి.

మీ అక్క